వాగు బాగుపడితే ఊరికి ఎంత మిగులుతుంది?

పోయిన సంచికలో ఒక జవాబు చివర, వాటర్‌షెడ్ పనులు నేలకే కాదు, ఊరి ఆదాయానికీ మంచివే అని ఒక్క మాట రాశాం. ఆ ఒక్క మాట మీదే బోలెడు ఉత్తరాలొచ్చాయి. కొందరు అవునన్నారు, చాలామంది మాత్రం లెక్క చూపించండి అని నిలదీశారు. అడగాల్సిందే. అందుకే ఈసారి పేజీలన్నీ ఆ ఉత్తరాలకే ఇచ్చేశాం.

ప్రశ్న: వాటర్‌షెడ్ వాటర్‌షెడ్ అని తెగ వింటున్నాం. అసలు అక్కడ చేసే పనేంటి? కొండ మీద గుంతలు తవ్వితే కింద ఊళ్లో వాళ్లకి డబ్బెలా వస్తుందండీ? (ఒక గృహిణి)

జవాబు: ఒక వాగులోకి ఎంత మేర నేల మీది వాన నీరు దిగుతుందో, ఆ నేలంతా కలిపి ఆ వాగు వాటర్‌షెడ్. కొండ నెత్తి నుంచి వాగు ఒడ్డు దాకా అన్నీ అందులోవే. అడవి, బీడు, పొలం, ఇళ్లు కూడా. పైన చెట్టూ గడ్డీ పోయి నేల గట్టిపడిపోతే వాన పడింది పడినట్టే మట్టిని కోసుకుంటూ కిందికి ఉరుకుతుంది, గంటల్లో వాగు పొంగుతుంది, రోజుల్లో ఎండిపోతుంది. ఆ ఉరుకుడు ఆపడమే పని. పరుగెత్తే నీళ్లను నడిపించాలి, నడిచే నీళ్లను నిలబెట్టాలి, నిలిచిన నీళ్లను ఇంకించాలి అని ఈ పనుల్లో ఉన్నవాళ్లు చెప్పే మాట ఒకటుంది, ఇంజనీరింగ్ సారమంతా అందులోనే ఉంది.

పని పైనుంచి మొదలుపెట్టి కిందికి రావాలి. కొండవాలు మీద ఒకే ఎత్తులో అడ్డంగా కందకాలు, వాగు పాయలు పుట్టే చోట రాతి కట్టలు, పొలాల్లో గట్లు, కింద వాగు మీద చెక్‌డ్యాములు, ఊట కుంటలు. కొండ మీద ఒకే ఎత్తు ఎలా తెలుస్తుందని మీకు అనుమానం రావచ్చు. మూడు కర్రల్ని ఇంగ్లీషు 'ఏ' అక్షరంలా కట్టి, పైనుంచి దారానికి ఒక రాయి వేలాడదీస్తారు. అడ్డకర్ర మీద పెట్టుకున్న గుర్తుకి దారం సరిగ్గా ఆనితే రెండు కాళ్లూ ఒకే ఎత్తులో ఉన్నట్టు. అక్కడ సున్నంతో చుక్క పెట్టి, ఒక కాలు కదలకుండా రెండోదాన్ని తిప్పి ముందుకేస్తారు, మళ్లీ చుక్క. అలా వాలు పొడవునా గీత పడుతుంది, తవ్వకం ఆ గీత మీదే. గీత జానెడు తప్పినా నీళ్లు కందకం అంతటా నిలవకుండా పల్లం వైపు చేరి అక్కడ గట్టు తెంచుకుని పోతాయి. చదువు రాని మనిషి కూడా ఒక్క పూటలో నేర్చుకోగల పని ఇది, కావాల్సిందల్లా ఓపిక.

ఇక డబ్బు సంగతి. అది రెండు విడతలుగా వస్తుంది. మొదటిది పని జరిగేటప్పుడు కూలి, బాడుగ, రాళ్లు, మొక్కల రూపంలో. రెండోది పని అయ్యాక నీళ్లు, గడ్డి, పంట రూపంలో. మొదటిది కంటికి కనబడుతుంది కాబట్టి అందరూ దాని గురించే మాట్లాడతారు. రెండోదే పెద్దది, నిలబెట్టుకోవడం కష్టమైనదీ అదే. ఈసారి మేం గట్టిగా చెప్పదలుచుకున్నది కూడా ఆ రెండో విడత గురించే.

ప్రశ్న: ఏ పథకం డబ్బయినా చివరికి కాంట్రాక్టరూ సిమెంటు కంపెనీ యంత్రాల వాళ్లే పట్టుకుపోతారు. ఊళ్లో మిగిలేదెంత? (ఒక రిటైర్డ్ టీచరు)

జవాబు: మాస్టారూ, మీ అనుమానం చాలా పథకాల విషయంలో నిజమే. కానీ ఈ పని స్వభావం వేరు. కొండను ఇంకో చోటికి తీసుకెళ్లి బాగుచేసి తేలేం కదా. తవ్వాల్సిన మట్టి అక్కడే ఉంది, రాయి అక్కడే దొరుకుతుంది, తవ్వేవాళ్లూ అక్కడివాళ్లే, మొక్కలు కూడా అక్కడి విత్తనంతో అక్కడి నర్సరీలో పెంచితేనే బతుకుతాయి.

దీన్ని బాగా లెక్కగట్టిన చోటు అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం. అక్కడ 1990ల్లో ప్రభుత్వ అడవుల్లో చెట్ల నరికివేత బాగా తగ్గిపోయి, కలప మీద బతికే ఊళ్లు పని లేక అల్లాడాయి. అదే సమయంలో సాల్మన్ చేపలు తగ్గిపోయాయని నదుల్ని బాగుచేసే పనులు ఊపందుకున్నాయి. లాటరీ ఆదాయంలో కొంత భాగం వీటికి కేటాయించాలని 1998లో అక్కడి ఓటర్లే తీర్మానించారు. ఒకప్పుడు కలప కోసం కొండల్లో రోడ్లు వేసిన యంత్రాల వాళ్లే ఇప్పుడు అక్కర్లేని రోడ్లు తీసేసి, వాగుల్లో దుంగలు పేర్చి, చేపలు ఎదురెక్కడానికి దారి చేసే పనుల్లోకి వచ్చారు. ఒరెగాన్ విశ్వవిద్యాలయం వాళ్లు పరిశీలిస్తే, ఈ పనుల మీద పెట్టిన ప్రతి డాలరులో సగటున 80 సెంట్లు పని జరిగిన కౌంటీలోనే, అంటే మన లెక్కలో జిల్లాలాంటి ప్రాంతంలోనే ఖర్చయ్యాయని తేలింది. 2010లో అదే విశ్వవిద్యాలయం చేసిన ఇంకో అధ్యయనంలో, 10 లక్షల డాలర్లు పెడితే యంత్రాలతో ఎక్కువగా చేసే పనుల్లో 16 దాకా, మనుషులే ఎక్కువగా చేసే పనుల్లో 24 దాకా ఉద్యోగాలు వచ్చాయని లెక్క తేలింది. 2015లో అచ్చయిన మరో పరిశోధన ప్రకారం అమెరికా మొత్తం మీద ఇలాంటి పునరుద్ధరణ పనుల్లో నేరుగానే 1,26,000 మంది అప్పట్లో ఉపాధి పొందేవారు.

ఈ 16కీ 24కీ ఉన్న తేడాను పట్టుకోండి, మీ ప్రశ్నకు అసలు జవాబు అక్కడుంది. ఊళ్లో ఎంత మిగలాలన్నది పని రకాన్ని ఎంచుకున్న రోజే సగం నిర్ణయమైపోతుంది. అంతా సిమెంటు కట్టలే కడతామంటే డబ్బులో పెద్ద వాటా సిమెంటుకీ ఇనుముకీ బయటికి పోతుంది. కందకాలు, మట్టి గట్లు, రాతి కట్టలు, గడ్డి విత్తనం, మొక్కలు అంటే ఎక్కువ భాగం కూలీ చేతికే వస్తుంది. అలాగని యంత్రాన్ని పూర్తిగా వద్దనడం మొండితనం. పూడిక బాగా పేరుకున్న చెరువును చేత్తో తవ్వలేరు, తవ్వమనకూడదు కూడా. కానీ చేత్తో అయ్యే పనికి జేసీబీ దించితే మాత్రం ఎవరి కూలి ఎవరికి పోతోందో ఊరు అడగాలి.

ప్రశ్న: కూలి డబ్బులు ఒక్క వేసవితో అయిపోతాయి. ఆ తర్వాత నిజంగా ఏమైనా మిగులుతుందా, అంకెల్లో చెప్పగలరా? (ఒక బ్యాంకు ఉద్యోగి)

జవాబు: చెప్పగలం. మన దేశంలోని 311 వాటర్‌షెడ్ల మీద వచ్చిన అధ్యయనాలన్నిటినీ పోగేసి, మెట్ట పంటల మీద పనిచేసే అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ తరఫున పి.కె. జోషి బృందం 2005లో ఒక విశ్లేషణ వెలువరించింది. పెట్టిన ప్రతి రూపాయికి సగటున 2 రూపాయల 14 పైసల ప్రయోజనం, 22 శాతం రాబడి రేటు, హెక్టారుకు 181 పని దినాల ఉపాధి అని అందులో తేలింది. ఇవి సగటులు సుమా. వానలు మరీ తక్కువ ఉన్నచోట, జనం పాల్గొనకుండా పైనుంచి రుద్దినచోట ఫలితం బాగా తగ్గింది. ఏడాదికి 700 నుంచి 1,000 మిల్లీమీటర్ల వాన పడే ప్రాంతాల్లో ఫలితం మెరుగ్గా ఉంది.

సగటులు పక్కనపెట్టి మీరే కాగితం మీద వేసుకోగల లెక్క ఒకటి చెప్తాం. 1 మిల్లీమీటరు వాన 1 హెక్టారు మీద పడితే 10,000 లీటర్లు, అంటే 10 ఘనపు మీటర్లు. 500 హెక్టార్ల చిన్న వాటర్‌షెడ్ మీద ఏడాదిలో 600 మిల్లీమీటర్లు కురిస్తే మొత్తం 30 లక్షల ఘనపు మీటర్ల నీళ్లు. అందులో అదనంగా పదో వంతు నేలలో ఇంకించగలిగామనుకోండి, 3 లక్షల ఘనపు మీటర్లు. ఆరుతడి పంటకు హెక్టారుకు 3,000 ఘనపు మీటర్లు వేసుకుంటే 100 హెక్టార్లకు రెండో పంట. పదో వంతు ఇంకుతుందా, ఇరవయ్యో వంతేనా అన్నది నేలను బట్టి, రాతి పొరను బట్టి మారుతుంది, ఇంకిన నీరంతా పైకి తోడుకోలేం కూడా. అందుకని సగానికి సగం కోసేసుకోండి, అయినా 50 హెక్టార్లు. ఒక చిన్న ఊరికి అది మామూలు సంగతి కాదు.

నీళ్లు పైకొస్తే ఇంకో ఆదా ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. 5,000 ఘనపు మీటర్ల నీళ్లను 10 మీటర్లు తక్కువ లోతు నుంచి తోడితే భౌతికశాస్త్రం లెక్కలోనే 136 యూనిట్ల కరెంటు మిగులుతుంది, మోటారు నష్టం, పైపుల నష్టం కలిపితే అంతకు రెండు మూడు రెట్లు. బోరు ఇంకా లోతుకు దింపాల్సిన అవసరం తప్పడం దీనికి అదనం. బోరు వేసి నీళ్లు పడక అప్పుల పాలైన కుటుంబం ప్రతి మెట్ట ఊళ్లోనూ ఉంటుంది, ఆ టెన్షన్ తగ్గడానికి ఏ పట్టికలోనూ గడి ఉండదు గానీ బ్యాంకులో కూర్చున్న మీకు అది బాగా తెలిసే ఉంటుంది.

ప్రశ్న: ఎన్నాళ్లకు ఫలితం కనిపిస్తుంది? (ఒక యువ రైతు)

జవాబు: కూలి వెంటనే. పొలం గట్ల వల్ల నేలలో తేమ నిలవడం మొదటి వానాకాలంలోనే. పశువుల్ని ఆపితే గడ్డి రెండో ఏడాదికి. బావుల్లో నీటిమట్టం ఒకటి నుంచి మూడేళ్లు, అదీ వానలు మామూలుగా పడితే. చెట్ల మీద ఆదాయం అయిదేళ్లు దాటాకే. ఎవరైనా మొదటి ఏడాదే ఊరు మారిపోయిందని చెప్తే ఆ ఏడాది వాన ఎంత పడిందో అడగండి.

ప్రశ్న: మాకు సెంటు భూమి లేదు. మేకలున్నాయి. కొండ మీద మేపొద్దన్నారు, కందకాలు మాతోనే తవ్వించారు. నీళ్లు మాత్రం భూమి ఉన్నోళ్ల బావుల్లోకి పోయాయి. ఇందులో మాకేం లాభం చెప్పండి. (ఒక మేకల కాపరి)

జవాబు: అన్నా, ఈసారి వచ్చిన ఉత్తరాలన్నిటిలో మమ్మల్ని ఎక్కువసేపు ఆలోచింపజేసింది మీదే. మీరు చెప్పింది అక్షరాలా నిజం. ఏ జాగ్రత్తా తీసుకోకుండా వదిలేస్తే ఈ పనుల లాభం పల్లంలో భూమీ బావీ ఉన్నవాళ్లకే చేరుతుంది, ఎందుకంటే నీళ్లు పల్లానికే పోతాయి, మన చట్టాల్లో భూమి ఎవరిదైతే కింద ఉన్న నీళ్లు కూడా దాదాపు వాళ్లవే. మేత కోల్పోయేది పైన మేపుకునేవాళ్లు, నీళ్లు అందుకునేది కిందివాళ్లు. దీన్ని ముందే మాట్లాడుకోకపోతే అన్యాయమే.

కానీ మాట్లాడుకున్న ఊళ్లున్నాయి. హర్యానాలో శివాలిక్ కొండల కింద సుఖోమాజ్రి అని ఒక చిన్న ఊరు. చండీగఢ్‌లో 1958లో కట్టిన సుఖ్నా సరస్సు ఏటేటా మట్టితో పూడిపోతుంటే, ఆ మట్టి ఎక్కడి నుంచి వస్తోందా అని 1970ల్లో నేల సంరక్షణ శాస్త్రవేత్త పి.ఆర్. మిశ్రా వెతుక్కుంటూ పోయి ఈ ఊరి పైనున్న బోడి కొండల దగ్గర తేలారు. మేకలు మేసి మేసి కొండలు గుండయ్యాయి. మేపడం మానండి అంటే ఎవరు మానతారు? ఊరి కోసం చిన్న మట్టికట్ట కట్టి నీళ్లిచ్చారు, బదులుగా కొండను మీరే కాపాడుకోండి అన్నారు. అసలు కిటుకు నీటి పంపకంలో ఉంది. భూమి ఉన్నా లేకపోయినా ప్రతి ఇంటికీ నీళ్లలో సమాన వాటా. భూమి లేనివాళ్లు తమ వాటాను ఇంకొకరికి ఇచ్చి ప్రతిఫలం తీసుకోవచ్చు. దాంతో కొండను కాపాడటంలో అందరికీ లాభం కనబడింది, ఫెన్సింగూ కాపలావాళ్లూ లేకుండానే మేత ఆగింది. కొండ మీద గడ్డి పెరిగింది, కోసుకొచ్చి కట్టేసి మేపడం మొదలై మేకల స్థానంలో గేదెలొచ్చాయి, పాలు పెరిగాయి, భాభర్ అనే గడ్డి అమ్మితే ఊరి సంఘానికి ఆదాయం వచ్చింది. చండీగఢ్ సరస్సులోకి పోయే మట్టి కూడా బాగా తగ్గింది.

మహారాష్ట్రలో పుణె జిల్లా పురందర్ తాలూకాలో 1970ల్లో విలాస్‌రావు సాళుంకే మొదలుపెట్టిన పానీ పంచాయతీ ఇంకో అడుగు ముందుకేసింది. అక్కడ నీళ్లను ఎకరాల లెక్కన కాకుండా మనుషుల లెక్కన పంచారు. తలకు అరెకరానికి సరిపడా, ఎంత పెద్ద కుటుంబమైనా రెండున్నర ఎకరాలకు మించకూడదు. భూమి లేనివాళ్లకూ వాటా ఉంది. చెరకు లాంటి నీళ్లు తాగే పంట వేయకూడదు.

మీ ఊళ్లో పని ఇంకా జరుగుతుంటే ఇప్పటికైనా సభలో అడగండి, మీలాంటి నలుగుర్ని కలుపుకుని అడగండి. కొండ మీద పెరిగిన గడ్డి కోసుకునే హక్కు ముందు భూమి లేనివాళ్లకే అని కాగితం మీద రాయించుకోవాలి. కొండంతా ఒకేసారి మూయకుండా మూడు ముక్కలు చేసి వంతులవారీగా మూస్తే ఎప్పుడూ రెండు ముక్కలు మేతకు ఉంటాయి. చెక్‌డ్యాముల్లో, కుంటల్లో చేపల హక్కు, నర్సరీ పని, కాపలా పని మీలాంటి వాళ్ల సంఘాలకే ఇవ్వాలని పట్టుబట్టవచ్చు. రంగారెడ్డి జిల్లా కొత్తపల్లిలో ఇక్రిశాట్ 1999 నుంచి చేసిన వాటర్‌షెడ్‌లో మహిళా సంఘాలు వానపాముల ఎరువు, పురుగును చంపే వైరస్ ద్రావణం తయారు చేసి అమ్ముకున్నాయి. నీళ్లు అందనివాళ్లకు ఇంకో దారి వెతకాలన్న ఆలోచన మొదట్లోనే ఉండబట్టే అది సాధ్యమైంది.

ప్రశ్న: మా దగ్గర పదేళ్ల కింద చెక్‌డ్యాములు కట్టారు. మూడేళ్లు బ్రహ్మాండంగా నీళ్లున్నాయి. తర్వాత ఎవరికి వాళ్లు బోర్లు వేసి వరి పెట్టారు. ఇప్పుడు ముందుకంటే అధ్వానం. మరి పెట్టిన డబ్బు వృథానే కదా? (ఒక రైతు)

జవాబు: డబ్బు వృథా కాలేదు, ఖర్చయిపోయింది. పెరిగిన నీటిని మీ ఊరు మూడేళ్లలో తోడేసుకుంది. కోపం తెచ్చుకోకండి, ఇది మీ ఒక్క ఊరి కథ కాదు, దాదాపు ప్రతి మెట్ట ప్రాంతంలోనూ జరిగిందిదే. వాటర్‌షెడ్ పని సంపాదన లాంటిది, ఖర్చు మీద అదుపు లేకపోతే సంపాదన ఎంత పెరిగినా ఇల్లు అప్పుల్లోనే ఉంటుంది. పథకాల్లో కట్టడానికి డబ్బుంటుంది, కట్టాక వాడకం మీద ఊరు కూర్చుని మాట్లాడుకోవడానికి మాత్రం ఏ పద్దూ ఉండదు. మా దృష్టిలో మొత్తం వ్యవహారంలో అతి పెద్ద లోపం ఇదే, ఎన్నిసార్లయినా రాస్తాం.

మహారాష్ట్రలో అహ్మద్‌నగర్ (ఇప్పుడు అహిల్యానగర్) జిల్లా హివరే బజార్ పేరు మీరు వినే ఉంటారు. ఏడాదికి సుమారు 400 మిల్లీమీటర్ల వాన పడే చోటు, కరువుకీ వలసకీ పెట్టింది పేరు. 1989లో పోపట్‌రావు పవార్ సర్పంచ్ అయ్యాక కందకాలు, కట్టలు, చెట్లు అన్నీ చేశారు. అవి చాలా ఊళ్లు చేశాయి. హివరే బజార్ చేసిన వేరే పని ఏమిటంటే సాగుకు బోర్లు వేయకూడదని, చెరకు, అరటి లాంటివి వద్దని గ్రామసభలో కట్టుబాటు పెట్టుకోవడం. ప్రతి ఏడాదీ వానాకాలం అయ్యాక ఎంత కురిసింది, తాగడానికీ పశువులకూ ఎంత పక్కన పెట్టాలి, మిగిలిందానికి ఏ పంట ఎంత వేయొచ్చు అని ఊరంతా కూర్చుని లెక్క వేస్తారు. వాన తక్కువైన ఏడాది పంట విస్తీర్ణం తగ్గించుకుంటారు. వలస వెళ్లిన కుటుంబాలు వెనక్కొచ్చాయి, పాడి ఎన్నో రెట్లు పెరిగింది. పవార్‌కు తర్వాత పద్మశ్రీ కూడా వచ్చింది.

కట్టుబాటు పెట్టేంత ఐకమత్యం మా ఊళ్లో లేదంటారా? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో రైతులే భూగర్భజలాన్ని కొలుచుకున్న ఒక ప్రాజెక్టు 2000ల్లో నడిచింది. అక్కడ ఎవరికీ నిషేధం పెట్టలేదు. ఊరూరా వానను కొలిచే పాత్ర, ఎంపిక చేసిన బోర్లలో నీటిమట్టం కొలిచే సరంజామా ఇచ్చి, ఆడా మగా రైతులకే కొలవడం నేర్పించారు. రబీకి ముందు ఊరంతా చేరి ఎంత నీరుంది, ఎవరెవరు ఏం వేద్దామనుకుంటున్నారు అని గోడ మీద రాసి చూసుకునేవాళ్లు. వేద్దామనుకున్న పంటలకు కావాల్సిన నీరు ఉన్నదానికంటే ఎక్కువని కళ్ల ముందు కనబడ్డాక చాలామంది తమంతట తామే వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్లారు. మీ ఊళ్లో ఇప్పుడు చేయాల్సింది కొత్త చెక్‌డ్యాము కోసం అర్జీ పెట్టడం కాదు. ఉన్న బోర్లలో పది ఎంచుకుని నెలనెలా నీటిమట్టం కొలిచి అందరికీ కనబడే చోట రాయండి. ఒక్క ఏడాది అంకెలు చేతిలో ఉంటే సభలో మాట తీరే మారుతుంది.

ప్రశ్న: పై ఊరివాళ్లు నీళ్లన్నీ ఆపేసుకుంటే కింద మా చెరువు సంగతేంటి? (చెరువు కింద ఆయకట్టు రైతు)

జవాబు: భయం న్యాయమైనదే. రాయలసీమలోని డోన్, కళ్యాణదుర్గం ప్రాంతాల్లో 2000ల మొదట్లో చేసిన నీటి ఆడిట్‌లో కూడా పైన కట్టలు, బోర్లు ఎక్కువైనచోట కింది చెరువులకు వచ్చే నీళ్లు తగ్గాయని కనబడింది. కొత్త నీరు ఎక్కడా పుట్టలేదు, ఉన్న నీరే చోటు మారింది. పైన ఇంకింది కొంత ఊటగా కిందికి వచ్చేదే, మధ్యలో బోర్లు దాన్ని తోడేయకపోతే. అందుకే ఒక ఊరి పొలిమేర వరకు లెక్కేసి ఊరుకుంటే సరిపోదు, చెరువు దాకా మొత్తం వాగును ఒక్కటిగా చూసి ఎన్ని కట్టలు కట్టొచ్చో తేల్చాలి. మంచి వానలున్నచోట మీకు లాభమే, వరద తగ్గుతుంది, చెరువులోకి పూడిక తగ్గుతుంది. వాన తక్కువ చోట పైనా కిందా కలిసి కూర్చోకుండా కట్టుకుంటూ పోతే గొడవలే.

కింది వాళ్లు పై వాళ్లకి డబ్బిచ్చి మరీ బాగు చేయించుకున్న సందర్భాలూ ఉన్నాయి. న్యూయార్క్ నగరానికి తాగునీరు ఎక్కువ భాగం క్యాట్‌స్కిల్ కొండల వైపు నుంచి వస్తుంది. నీళ్లు వడగట్టే భారీ ప్లాంటు కట్టాలంటే 600 నుంచి 800 కోట్ల డాలర్లు అవుతుందన్నారు. దాని బదులు 1997లో పై ప్రాంతం వాళ్లతో ఒప్పందం చేసుకుని, సుమారు 150 కోట్ల డాలర్లతో అక్కడి భూముల్ని, పశువుల కొట్టాల్ని, మురుగు ఏర్పాట్లని బాగుచేసే పని పెట్టుకున్నారు. ఆ డబ్బు కొండ ఊళ్లలో పనిగా, రైతులకు సాయంగా చేరింది, నగరానికి నీళ్లు శుభ్రంగా వచ్చాయి. చెరువు కింద రైతులు అంత డబ్బు పెట్టలేరు గానీ, కింద ఉన్న పట్టణం పెట్టగలదు, పెట్టాలి కూడా.

ప్రశ్న: ప్రాజెక్టు వర్క్ కోసం అడుగుతున్నాను. ఒక ఊళ్లో ఆదాయం పెరిగితే అది వాటర్‌షెడ్ వల్లా, మంచి వానల వల్లా అని ఎలా తేల్చాలి? (ఒక డిగ్రీ విద్యార్థిని)

జవాబు: మంచి ప్రశ్నమ్మా, చాలా నివేదికలు ఇక్కడే జారిపోతాయి. ముందు, తర్వాత అని పోల్చితే చాలదు. అలాంటి నేలే, అలాంటి వానే ఉండి పని జరగని పక్క ఊరిని కూడా తీసుకోవాలి. రెండు ఊళ్లలో మార్పు ఎంతెంత అన్నది చూసి ఆ తేడాను లెక్కలోకి తీసుకో. వాన బాగా పడిన ఏడాదిని వదిలేసి, ఒక తక్కువ వాన ఏడాదిలో రెండు ఊళ్లూ ఎలా ఉన్నాయో చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది, ఎందుకంటే ఈ పనుల అసలు విలువ కరువు ఏడాదిలోనే బయటపడుతుంది. ఆదాయం ఎంత అని నేరుగా అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పరు. ఎన్ని నెలలు బయటికి పనికి వెళ్లారు, ఎన్ని పశువులున్నాయి, గడ్డి కొన్నారా, తాగునీటికి ఎంత దూరం నడిచారు అని అడుగు. ఆ ప్రశ్నలు ఇంట్లో ఆడవాళ్లను విడిగా అడుగు, జవాబులు వేరుగా వస్తాయి.

పెద్ద స్థాయి ఉదాహరణ కావాలంటే చైనాలోని లోయెస్ పీఠభూమి గురించి చదువు. ప్రపంచ బ్యాంకు సాయంతో 1994 నుంచి 2005 దాకా రెండు ప్రాజెక్టులు, సుమారు 50 కోట్ల డాలర్లు. వాలు మీద మెట్లు మెట్లుగా చదును చేశారు, స్వేచ్ఛగా మేపడం ఆపారు, నిటారు వాలు మీద దున్నడం ఆపి చెట్లు పెట్టారు. 25 లక్షల మంది పేదరికం నుంచి బయటపడ్డారని, తలసరి ఆదాయం ఏడాదికి 70 డాలర్ల నుంచి 200 డాలర్లకు పెరిగిందని బ్యాంకు చెప్పింది. అయితే అదే కాలంలో చైనా మొత్తం మీద కూడా ఆదాయాలు వేగంగా పెరిగాయి. మరి ఇందులో వాటర్‌షెడ్ వాటా ఎంత? నీ ప్రాజెక్టుకు ఇంతకంటే మంచి తర్కం ప్రశ్న దొరకదు.

ప్రశ్న: మాకు వచ్చే నిధులు కొద్దిగానే. అన్నీ చేయలేం. దేనితో మొదలుపెట్టాలి? (ఒక వార్డు సభ్యుడు)

జవాబు: పైనుంచి. కింద చెక్‌డ్యాము కట్టి ఫలకం పెడితే అందరికీ కనబడుతుంది కాబట్టి అక్కడే మొదలుపెట్టమని ఒత్తిడి వస్తుంది, తట్టుకోండి. పైన వాలు బాగుచేయకుండా కింద కట్టే చెక్‌డ్యాము కొన్ని వానలకే మట్టితో నిండిపోతుంది. డబ్బు తక్కువైతే మొత్తం వాటర్‌షెడ్‌లో అక్కడో పనీ ఇక్కడో పనీ చేయొద్దు, ఒక చిన్న పాయ తీసుకుని కొండ నెత్తి నుంచి వాగు దాకా పూర్తి చేయండి, మిగతావి వచ్చే ఏళ్లలో.

పని వేళ కూడా చూడండి. పొలం పనులు లేని నెలల్లో పెడితే వలస పోవాల్సిన వాళ్లు ఊళ్లోనే ఆగుతారు, అదే పని నాట్ల సమయంలో పెడితే రైతుకూ కూలీకీ మధ్య తగువు. పూడిక తీస్తే ఆ మట్టిని పారబోయొద్దు, రైతులు తమ బండ్లతో పొలాలకు తోలుకుంటామంటే తోలుకోనివ్వండి, రవాణా ఖర్చు మీకు తప్పుతుంది, పొలానికి సారం వస్తుంది.

ఇంకొకటి, మొత్తంలో కొంత ముందే మరమ్మతులకు పక్కన పెట్టి, దాన్ని ఎవరు ఎప్పుడు తీయొచ్చో తీర్మానంలో రాసుకోండి. మొదటి పెద్ద వాన పడిన మర్నాడే నలుగుర్ని తీసుకుని పైకెళ్లి కందకాల వెంట నడవండి. ఎక్కడో ఒక చోట గట్టు తెగే ఉంటుంది, ఆ వారంలోనే పూడ్చేయించండి. ఆలస్యం చేస్తే తర్వాతి వానకు ఆ ఒక్క గండి లోంచి దూకిన నీళ్లు కింది వరసలన్నిటినీ తెంచేస్తాయి.